మన తీరంలో వాహనానికి ఆనింగ్: ఎంపిక, అమరిక, వాడకం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఎండ పడమటి నుంచి కొడుతుంది, గాలి తూర్పు నుంచో ఆగ్నేయం నుంచో వీస్తుంది. మైపాడులోనో రామాయపట్నంలోనో కొత్తపట్నంలోనో వాహనం పక్కన గుడ్డ పందిరి (దీన్నే ఆనింగ్ అంటారు) వేసుకొని ఒక పూట గడపాలనుకొనేవారు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఎండ తగలకూడదని ఆనింగును తూర్పు వైపు తెరిస్తే అది నేరుగా సముద్రపు గాలికి ఎదురు నిలుస్తుంది. గాలికి చాటుగా ఉంటుందని పడమటి వైపు తెరిస్తే సాయంత్రపు ఎండ కిందికి దూరి నీడే మిగలదు. కొనేటప్పుడు చాలామంది ఎంత నీడ వస్తుందన్నది మాత్రమే చూస్తారు. ఇక్కడి వాతావరణంలో అంతకన్నా ముందు చూడవలసినది, గాలి పెరిగినప్పుడు దానిని ఎంత త్వరగా, ఎంతమంది కలిసి చుట్టేయగలరన్నది. ఈ వ్యాసంలోని సలహాలన్నీ ఆ దృష్టితో చెప్పినవే.

ఏ రకం తీసుకోవాలి

బజారులో దొరికేవి ప్రధానంగా మూడు రకాలు. మొదటిది టాపు పక్కన పొడవాటి సంచిలో చుట్టి ఉండి, జిప్పు తీసి లాగితే పరుచుకొనే పక్క ఆనింగ్. దీనికి రెండు కాళ్లు, గుడ్డను చాచి పట్టే రెండు అడ్డచేతులు ఉంటాయి. 1.4 మీటర్ల వెడల్పు నుంచి 2.5 మీటర్ల వెడల్పు వరకు దొరుకుతుంది. గుడ్డ వాహనం నుంచి బయటికి 2 మీటర్లో, 2.5 మీటర్లో వస్తుంది. రెండవది వాహనం వెనుక మూలలోని కీలు చుట్టూ విసనకర్ర తీరున తెరుచుకొని పక్కను, వెనుకను కలిపి కప్పే 270 డిగ్రీల ఆనింగ్. మూడవది వెనుక డోరు ఎత్తినప్పుడు దాని మీదుగా వేసి కట్టుకొనే గుడ్డ; డిక్కీ దగ్గర వంట సామాను పెట్టుకొనేవారికి ఇది పనికొస్తుంది.

నలుగురున్న కుటుంబానికి 2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల నిడివి ఉన్న పక్క ఆనింగ్ సరిపోతుందని నా అభిప్రాయం. దాని కింద ఒక పెద్ద చాప, రెండు మడత కుర్చీలు, ఒక నీళ్ల క్యాను ఇరుకు లేకుండా పడతాయి. అలవాటైన ఇద్దరు మనుషులు రెండు మూడు నిమిషాల్లో దానిని చుట్టి జిప్పు వేయగలరు. 270 డిగ్రీల ఆనింగ్ కింద ఎంతో చోటు వస్తుంది, తెరవడం కూడా సులువే. కానీ రకాన్ని బట్టి 20 నుంచి 35 కిలోల దాకా బరువు ఉంటుంది, గాలికి దొరికే గుడ్డ రెట్టింపుకు మించి ఉంటుంది. సోమశిల, కండలేరు జలాశయాల పరిసరాల వంటి బయలు ప్రదేశాల్లోనూ సముద్రతీరంలోనూ వాడేవారు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. తోటల చాటున, కొండల పాదాన మాత్రమే దిగేవారికి, తరచూ పదిమందితో వెళ్లేవారికి అది తగినది.

270 డిగ్రీల రకం కొనేవారు ఎడమ పక్కకు చేసినదా, కుడి పక్కకు చేసినదా అని తప్పక అడగాలి, ఎందుకంటే ఒకదానిని మరో పక్కకు తిప్పి బిగించడం కుదరదు. మన దేశంలో బండి రోడ్డుకు ఎడమ అంచున ఆగుతుంది కాబట్టి ఎడమ పక్కనే ఆనింగ్ ఉండాలి. అమెరికా విక్రేతలు ‘ప్రయాణికుడి పక్క’ అని రాస్తే అది కుడి పక్క; అదే మాట ఆస్ట్రేలియా విక్రేతలు రాస్తే ఎడమ పక్క. ఈ తేడా గమనించకుండా తెప్పించుకొంటే ఆనింగ్ వాహనాలు పోయే రోడ్డు వైపు తెరుచుకొంటుంది.

వీటిలో ఏదీ అక్కరలేకుండా, లారీలకు టార్పాలిన్లు కుట్టే దుకాణంలో కొలత ఇచ్చి పట్టా కుట్టించుకొనే మార్గం కూడా ఉంది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఇటువంటి పనివాళ్లు దొరుకుతారు. 3 మీటర్లకు 3 మీటర్ల పట్టాకు నాలుగు అంచులా రెండేసి అడుగులకు ఒక ఇత్తడి రింగు వేయించి, మూలల్లో గుడ్డను రెండు మూడు పొరలుగా మడిచి కుట్టించి, ఒక అంచును టాపు క్యారియర్‌కు, రెండో అంచును రెండు గుంజలకు కడితే చాలా తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది. క్యాంపింగ్ తమకు పడుతుందో లేదో ఇంకా తేల్చుకోనివారు మొదటి ఏడాది ఈ విధంగానే గడపడం తెలివైన పని. పల్చని నీలం ప్లాస్టిక్ పట్టాలు మాత్రం వద్దు. అవి గాలికి రాత్రంతా టపటపమని కొట్టుకొంటాయి, మన ఎండలకు పెళుసెక్కి రింగుల దగ్గర చిరుగుతాయి.

వాహనం మోయగలదా

టాపు మీద ఎంత బరువు పెట్టవచ్చో వాహనంతో వచ్చిన యజమాని పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా వాహనాల్లో అది 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. క్యారియర్ బరువు కూడా అందులోనే కలుస్తుందన్న సంగతి మరువకూడదు. 2 మీటర్ల వెడల్పున్న పక్క ఆనింగ్ సుమారు 10 నుంచి 15 కిలోలు తూగుతుంది కాబట్టి దానితో ఇబ్బంది రాదు. అదే పక్కన స్టెప్నీ, పెట్టెలు, డీజిల్ క్యాన్లు కూడా ఎక్కిస్తేనే లెక్క తప్పుతుంది. గుడ్డ టాపు ఉన్న జీపులకు, రెయిల్స్ లేని వాహనాలకు ముందుగా సరైన క్రాస్ బార్లు (టాపు మీద అడ్డంగా వేసే కడ్డీలు) అమర్చుకోవాలి.

ఎత్తు విషయంలో ఎక్కువమంది ఆలోచించరు. 1.8 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న ఎస్‌యూవీకి ఆనింగ్ బిగిస్తే లోపలి అంచు మనిషి తల దాటి ఉంటుంది, బయటి అంచును కొద్దిగా దించినా నిలబడగలం, వాన నీరు బయటికి జారిపోతుంది. 1.5 మీటర్ల ఎత్తున్న చిన్న కారుకు బిగిస్తే పరిస్థితి తలకిందులవుతుంది. మనిషి నిలబడాలంటే బయటి అంచును పైకి లేపాలి. లేపితే నీరంతా వెనక్కి, కారు డోరు మీదికి పారుతుంది. చిన్న కార్లవారికి నాలుగు గుంజల మీద విడిగా నిలబడే పట్టాయే నయం.

బిగించేటప్పుడు రెండు బ్రాకెట్లకు బదులు మూడు వాడండి. మన గ్రామీణ రోడ్ల గతుకులకు సాధారణ నట్లు మెల్లగా వదులవుతాయి కాబట్టి లోపల నైలాన్ వలయం ఉన్న లాక్ నట్లు, వెడల్పు వాషర్లు వేయించాలి. సముద్రం దగ్గర ఇనుప బోల్టులు ఒక్క వర్షాకాలానికే తుప్పు పడతాయి, అందుచేత స్టెయిన్‌లెస్ స్టీలువి కొనాలి. చుట్టిన ఆనింగ్ పక్క అద్దాల అంచు దాటి బయటికి రాకూడదు, ఎడమ డోరు తెరిచినప్పుడు పై అంచు దానికి తగలకూడదు. టాపుకు రంధ్రాలు వేసి శాశ్వతంగా బిగించవద్దు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేటట్టు వాహనాన్ని మార్చడానికి ఒప్పుకోదు. విప్పి పక్కన పెట్టగల అమరికైతే ఆ చిక్కు గురించి బెంగ ఉండదు, ప్రయాణాలు లేని నెలల్లో ఆనింగును ఎండకు, వానకు దూరంగా ఇంట్లోనూ ఉంచుకోవచ్చు.

గుడ్డ, కుట్టు, కీళ్లు

గుడ్డలో ఎంచుకోవలసినవి రెండే. పాలిస్టర్ తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. నూలు కలిసిన పాలీకాటన్ క్యాన్వాస్ బరువుగా ఉంటుంది, కింద చల్లగా ఉంటుంది, ఎక్కువకాలం మన్నుతుంది, కానీ తడి ఆరడానికి సమయం పడుతుంది. ఉప్పుగాలి, ఉక్కపోత ఉండే తీరప్రాంతంలో తడి క్యాన్వాసును చుట్టిపెడితే కొద్ది రోజుల్లోనే బూజు మచ్చలు పడతాయి. ఇంటికి వచ్చాక ఆరబెట్టడానికి మిద్దె మీద చోటు ఉన్నవారు క్యాన్వాసు, లేనివారు పాలిస్టర్ తీసుకోవచ్చు. పాలిస్టర్ అయితే 420 డెనియర్ (దారం లావును చెప్పే కొలత) మందం, నీటి ఒత్తిడిని తట్టుకొనే అంకె 2000 మి.మీ.కు పైన, అడుగున వెండి పూతో నల్ల పూతో ఉండేది చూడండి. పూత లేని పల్చని గుడ్డ కింద మే నెలలో కూర్చొంటే, నీడ ఉన్నట్టు కనిపిస్తుంది గాని వేడి తగ్గదు.

దుకాణంలో ఆనింగ్ పూర్తిగా తెరిపించి, వెలుతురుకు ఎదురుగా గుడ్డను పట్టుకొని చూడండి. కుట్టు ఒక వరుసే ఉందా, రెండు వరుసలు ఉన్నాయా? సూది పడిన ప్రతిచోటా వెలుతురు చుక్కలుగా కనబడుతూ ఉంటే ఆ కుట్టు మీద లోపలి నుంచి టేపు అతికించలేదని అర్థం, మొదటి గట్టి వానకే అక్కడ నీరు కారుతుంది. ఆ తరువాత అడ్డచేయి వీపు పట్టీతో (వాహనం వైపు ఉండే పొడవాటి పట్టీతో) కలిసే కీలును చేతితో పైకీ కిందికీ ఊపండి. ఆనింగులు ముందుగా విరిగేది ఈ కీలు దగ్గరే. అది ప్లాస్టిక్ అయితే, విడిగా మార్చుకొనే భాగం దొరుకుతుందా అని అడగాలి. దొరకదంటే ఆ సరుకు ఎంత చవకగా వచ్చినా వద్దు. జిప్పు మాత్రం లోహానిది కాక పెద్ద పళ్ల ప్లాస్టిక్‌ది అయితే ఉప్పుకు పట్టెయ్యదు.

ఎటు తిప్పి నిలపాలి

ఈ భాగం కొంచెం ఓపికగా చదవాలి, ఎందుకంటే ఒక్కసారి అర్థమైతే ఆనింగుతో పడే అవస్థ సగానికి సగం తగ్గుతుంది.

నెల్లూరు 14.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరలోనూ, ఆగస్టు నడుమనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు. ఆ రోజుల్లో ఆనింగ్ నీడ దాని కిందే పడుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణానికి వాలి 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి 2 మీటర్ల ఎత్తున్న గుడ్డ నీడ మీటరున్నర ఉత్తరానికి జరుగుతుంది. క్యాంపింగ్‌కు మనకు అనువైన కాలం, ఈశాన్య రుతుపవనాల వానలు వెనుకబట్టిన డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు. ఆ కాలంలో తీరంలో దిగినవారు వాహనం ముక్కును సముద్రం వైపు, అంటే తూర్పుకు పెట్టి నిలపాలి. ఎడమ పక్క ఆనింగ్ ఉత్తరానికి తెరుచుకొంటుంది, దక్షిణపు ఎండకు వాహనమే అడ్డు నిలుస్తుంది, వాహనం నీడ, ఆనింగ్ నీడ కలిసి ఉదయం నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చొనే చోటు ఏర్పడుతుంది. ఆ నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కనుక ముక్కును మరికాస్త ఎడమకు తిప్పితే గుడ్డ వెడల్పు భాగానికి బదులు ఇరుకు అంచు గాలికి ఎదురవుతుంది. అప్పుడు ఈశాన్యపు మూల కాలును ఒక జానెడు దించి, ముందుగా ఆ మూల తాడునే బిగించాలి.

వేసవి లెక్క వేరు. మే నెలలో సముద్రపు గాలి సాధారణంగా మధ్యాహ్నం మొదలై, రెండు మూడు గంటల తరువాత ఉద్ధృతమై, పొద్దుగూకాక నెమ్మదిస్తుంది. అదే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు సుమారు 34 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు. అప్పుడు 2 మీటర్ల ఎత్తున్న గుడ్డ నీడ దాదాపు 3 మీటర్లు తూర్పుకు జరిగిపోతుంది, అంటే ఆనింగ్ నీడ ఆనింగ్ కింద ఉండనే ఉండదు. ఆ వేళకు దాని కింద ఉన్న నీడ, 1.8 మీటర్ల ఎత్తున్న వాహనానిది. అది రెండున్నర మీటర్లకు పైగా పరుచుకొని ఉంటుంది. దీనివల్ల తేలేదేమంటే, గాలి బలపడి ఆనింగుకు ప్రమాదం పెరిగే వేళకు ఆనింగుతో అవసరం తీరిపోతుంది. వేసవిలో వాహనం ముక్కును దక్షిణానికి పెట్టి, ఎడమ పక్క తూర్పుకు ఉండేటట్టు నిలిపి, పది గంటల నుంచి రెండు, రెండున్నర వరకు ఆనింగ్ తెరిచి, గాలి జోరందుకోగానే దానిని చుట్టేసి అదే చోట వాహనం నీడలో కూర్చోవచ్చు. సముద్రం ఎదురుగా ఉంటుంది, గాలి మొహానికి తగులుతుంది, గుడ్డ చిరుగుతుందన్న దిగులు ఉండదు. తీరంలో వేసవికి దీనికన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు.

పడమటి ప్రాంతంలో, భైరవకోన, ఉదయగిరి, పెంచలకోన వైపు, సముద్రపు గాలి ప్రభావం తగ్గుతుంది గాని వేసవి సాయంత్రాల్లో ఈదురుగాలి భయం ఎక్కువ. వెలిగొండల మీద నల్లని మబ్బు లేచి, అప్పటిదాకా వీస్తున్న వేడిగాలి ఒక్కసారిగా ఆగి, చల్లని గాలి తగిలిందంటే ఉరుములతో కూడిన గాలివాన కొద్ది నిమిషాల దూరంలో ఉన్నట్టే. వంట ఏ దశలో ఉన్నా పక్కన పెట్టి ముందు ఆనింగ్ చుట్టాలి. దిగేటప్పుడు తాటిచెట్ల కింద, ఎండిన కొమ్మలున్న చెట్ల కింద వాహనం నిలపకూడదు. వాగు ఇసుకలో నిలపడం ఎండాకాలంలో కూడా మంచిది కాదు, పైన కొండల్లో కురిసిన వాన కింద మనకు తెలియదు.

గుంజలు, గూటాలు, తాళ్లు

ఆనింగ్ కాళ్ల మీద నిలుస్తుంది గాని, దానిని నేల మీద పట్టి ఉంచేవి తాళ్లు మాత్రమే. ‘తాళ్లు అక్కరలేదు’ అని అమ్మే రకాలకు కూడా మన తీరంలో తాళ్లు కట్టాలి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి తనకు ఎదురు నిలిచిన ప్రతి చదరపు మీటరును సుమారు 6 కిలోల బరువుతో నెడుతుంది, అంటే 5 చదరపు మీటర్ల ఆనింగ్ మీద 30 కిలోలు. 54 కిలోమీటర్లకు చేరితే అదే ఆనింగ్ మీద దాదాపు 70 కిలోలు పడుతుంది. పెట్టెలో ఇచ్చే చిన్న మేకులు ఇసుకలో ఇందులో పదో వంతును కూడా ఆపలేవు.

ఇసుకలో మేకు కన్నా పాతిన సంచి గట్టిది. 25 కిలోల బియ్యం సంచులు ఖాళీవి నాలుగు వెంట తీసుకెళ్లండి. ఒక్కోదానిని సగానికి ఇసుకతో నింపి, మూతి బిగించి, నడుముకు తాడు చుట్టి కట్టాలి. తాడు లాగే దిశకు అడ్డంగా మూరెడు లోతు గొయ్యి తీసి, సంచిని అందులో అడ్డంగా పడుకోబెట్టి, తాడు బయటికి వచ్చే దారిని చేత్తో వాలుగా కోసి, పైన ఇసుక కప్పి కాలితో గట్టిగా తొక్కాలి. ఒక బక్కెట నీళ్లు దాని మీద పోస్తే తడిసిన ఇసుక ఇంకా బిగుసుకొంటుంది. తాడు నేల నుంచి నిటారుగా కాక వాలుగా బయటికి రావాలి. ఆనింగ్ మూల నుంచి గొయ్యి ఎంత దూరంగా ఉంటే పట్టు అంత మెరుగు, కనీసం రెండు మీటర్లు ఉండాలి. వెళ్లేటప్పుడు సంచులు తవ్వి తీసుకొని, గోతులు పూడ్చి మరీ బయలుదేరాలి.

కనిగిరి, ఉదయగిరి వైపు గులకరాళ్లు కలిసిన ఎర్ర నేలలో సంచుల పని లేదు. వెల్డింగు షాపులో 12 మి.మీ. ఇనుప కడ్డీని ఒకటిన్నర అడుగు ముక్కలుగా కోయించి, ఒక కొస కూసుగా చేయించి, రెండో కొసను కొక్కెంలా వంచించుకొంటే ఎంతటి గట్టి నేలలోనైనా దిగుతాయి. గూటం తల ఆనింగుకు అవతలి వైపు వాలి ఉండేలా కొట్టాలి. చీకట్లో కాలికి తగలకుండా తల మీద పాత నీళ్ల సీసా బోర్లించండి, తాళ్లకు తెల్ల గుడ్డ పీలికలు కట్టండి. నల్లరేగడిలో వాన పడ్డాక ఏ గూటమూ నిలవదు, అక్కడ తెరవకపోవడమే దారి.

తాడు పాలిస్టర్‌దై ఉండాలి. నైలాన్ తడిస్తే సాగుతుంది, రాత్రి బిగించినది తెల్లారేసరికి వదులవుతుంది. బిగించడానికి లారీవాళ్లు సరుకు మీద వేసే ముడి నేర్చుకొంటే ప్లాస్టిక్ బిళ్లల అవసరం ఉండదు: తాడు నడుమ ఒక ఉచ్చు వేసి, కొసను గూటం చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి ఆ ఉచ్చులో దూర్చి, కిందికి లాగితే మామూలుగా లాగినదానికన్నా చాలా ఎక్కువ బిగువు వస్తుంది, ఆ బిగువు జారకుండా వేలితో నొక్కిపట్టి రెండు సగం ముళ్లు వేయాలి.

ఇవన్నీ సక్రమంగా చేసినా, గాలికి ఒక హద్దు పెట్టుకోవాలి. పొడి ఇసుక నేల మీద పాకుతూ చీలమండలకు గుచ్చుకొంటున్నా, ఒడ్డున ఉన్న సరుగుడు చెట్లు మొదలు నుంచి ఊగుతున్నా, గుడ్డ మధ్యలో పైకి లేచి తెరచాపలా ఉబ్బుతున్నా ఇంకా ఆలోచించవద్దు. రాత్రి నిద్రపోయేముందు గాలి లేకపోయినా చుట్టేయాలి, నిద్రలో లేచి చీకట్లో, వానలో ఆ పని చేయడం పిల్లలున్న కుటుంబానికి చాలా కష్టం.

వాన పడితే

మన జిల్లాల్లో వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీరు. 5 చదరపు మీటర్ల ఆనింగ్ మీద 20 మి.మీ. వాన పడి ఆ నీరు కిందికి జారకుండా గుడ్డలో నిలిస్తే 100 కిలోల బరువు. అడ్డచేతులు వంగిపోవడానికి అది చాలు. వాతావరణ శాఖ లెక్కలో భారీ వర్షమంటే 24 గంటల్లో 64.5 మి.మీ. దాటినది, అలాంటి రోజున 20 మి.మీ. ఒక్క గంటలోనే పడవచ్చు. అందుచేత చినుకు మొదలుకాగానే బయటి రెండు కాళ్లలో ఒకదానిని రెండు జానలు దించి, నీరంతా ఆ మూల నుంచి ఒకే ధారగా పోయేలా చేయాలి, ఆ ధార మన సామాను వైపు కాక పల్లానికి పోతుందో లేదో చూసుకోవాలి. వాహనానికీ గుడ్డకూ మధ్య సందు నుంచి కారే నీటికి ఒక జానెడు వెడల్పు రెక్క కుట్టించి టాపు మీదికి వేస్తే సరిపోతుంది.

తుపాను కాలంలో ప్రయాణమే వాయిదా వేసుకోవాలి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను అంతకుముందే నెల్లూరు తీరం పొడవునా వానలు, గాలులు తెచ్చింది. తీరం దాటే చోటు దూరంగా ఉందన్న ధైర్యం పనికిరాదు. కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త వచ్చిందంటే తీరంలో గుడారాలు, ఆనింగులు ఉండకూడదు.

వంట, చుట్టుగోడలు, అనుమతులు

ఆనింగ్ గుడ్డ కింద పొయ్యి వెలిగించకూడదు. పాలిస్టర్‌కు నిప్పు తగిలితే కరిగి కారుతుంది, అది చర్మం మీద పడితే మామూలు కాలిన గాయం కన్నా లోతుగా ఉంటుంది. పొయ్యిని ఆనింగ్ అంచు నుంచి రెండు మీటర్లు అవతల, గాలి వాలుకు పెట్టాలి, గ్యాస్ పొయ్యి చుట్టూ రేకు అడ్డు పెట్టుకోవాలి. దోమల కోసం, చలి కోసం చుట్టుగోడలు తగిలించుకొనేవారు లోపల మనుషులుండగా ఇంజను, జనరేటరు నడపకూడదు, బొగ్గుల కుంపటి పెట్టకూడదు. వాసన లేని విషవాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నల్లమలలోకి వెళ్లేవారు అటవీ శాఖ అనుమతి లేకుండా ఎక్కడా వాహనం ఆపి ఆనింగ్ తెరవకూడదు, అది పులుల అభయారణ్యం. సోమశిల, కండలేరు, గుండ్లకమ్మ వంటి జలాశయాల దగ్గర కట్టల మీద కాక, అక్కడి సిబ్బందిని అడిగి వారు చూపిన చోట దిగాలి. తీరంలో ఊరి మత్స్యకారుల పడవలు, వలలు ఉండే చోటు వారి పనిస్థలం. వారిని అడిగి చోటు ఎంచుకొంటే ఏ వేళకు పోటు వస్తుందో, ఏ మూల ఇసుక గట్టిదో వారే చెబుతారు. జనవరి నుంచి మార్చి వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో వాహనాన్ని ఇసుకలోకి దించకుండా గట్టు మీదే ఉంచాలి, ఆనింగ్ కింద వేలాడదీసే తెల్లని ఎల్‌ఈడీ పట్టీలను రాత్రి భోజనం అయ్యాక ఆర్పేయాలి. ఆ వెలుగుకు తల్లి తాబేళ్లు వెనుదిరుగుతాయి, పిల్లలు సముద్రానికి బదులు వెలుగు వైపు పాకి చచ్చిపోతాయి. తాబేళ్లు వచ్చే ఒడ్డున మనం అతిథులం, ఈ ఒక్క విషయంలో ఏ మినహాయింపూ ఇవ్వవద్దని కోరుతున్నాను.

చుట్టడం, దాచడం

చుట్టేముందు గుడ్డ అడుగు వైపు నుంచి చేత్తో తట్టి ఇసుక రాల్చాలి. ఇసుకతో చుట్టిన గుడ్డ వాహనం కుదుపులకు తనలో తానే రాసుకొని పూత పోగొట్టుకొంటుంది. ముందు గాలికి చాటున ఉన్న తాళ్లు విప్పి, గాలి వైపు తాడును అన్నిటికన్నా చివర విప్పాలి. ఒకరు అడ్డచేతులు మడుస్తూ ఉంటే మరొకరు అంచు పట్టుకొని బిగువుగా చుట్టాలి. వదులుగా చుట్టినది సంచిలో పట్టదు, బలవంతంగా జిప్పు లాగితే పళ్లు ఊడతాయి. పట్టీలన్నీ బిగించాక వాహనం చుట్టూ ఒకసారి నడిచి, తాడు ఏదైనా చక్రానికో గూటానికో చిక్కుకొని ఉందేమో చూసి బయలుదేరాలి.

సముద్రం దగ్గర వాడిన ప్రతిసారీ ఇంటికి రాగానే ఆనింగును, కాళ్లను, బోల్టులను మంచినీటితో కడగాలి. ఒకదానిలో ఒకటి దూరే కాళ్లను పూర్తిగా బయటికి లాగి లోపల నీళ్లు పోసి ఇసుక కడిగి ఆరబెట్టాలి. వాటికి నూనె పూయవద్దు, నూనెకు ఇసుక అంటుకొంటుంది. సిలికాన్ స్ప్రే అయితే అంటుకోదు. జిప్పు పళ్ల మీద కొవ్వొత్తిని రుద్దితే సాఫీగా జరుగుతుంది. గుడ్డకు బట్టల పొడి వాడకూడదు, అది నీటిని ఆపే పూతను తీసేస్తుంది. మరకలుంటే మెత్తని స్పాంజితో, గాఢత లేని సబ్బునీటితో తుడిస్తే చాలు. తడిసి వచ్చిన ఆనింగును మరునాడే మిద్దె మీద తెరిచి, కుట్ల దగ్గర వేలితో తాకి చూసి, అక్కడ కూడా తడి లేదని తేలాకే చుట్టాలి. కొత్తగా బిగించినది మొదటి 50 కిలోమీటర్ల ప్రయాణం తరువాత ఒకసారి, ఆ పైన ప్రతి ప్రయాణానికి ముందూ బ్రాకెట్ల నట్లను పానాతో తిప్పి చూడాలి. గతుకుల రోడ్డు మీద టాపు నుంచి కొత్త చప్పుడు వినబడితే ఊరు చేరేదాకా ఆగకుండా, వెంటనే బండి పక్కకు ఆపి వాటిని బిగించాలి.